స్త్రీ పాత్రధారిణి

ఆ శనివారం పొద్దున గురునాథం మాస్టారు వరండాలో నిలబడి, గోడకున్న క్యాలెండరు వంక ఉరిమి చూస్తూ, "పట్టా ఎవరి పేరున ఉంటే వాడే రైతు. ఆ మాత్రం తెలియకుండానే ఆఫీసుకొచ్చావా?" అని గద్దించారు. వంటింట్లోంచి కామేశ్వరి, తహసీల్దారు గారికి కోపం తగ్గాక స్టవ్ మీది పాలు కాస్త దించమని, తన చేతులకు పిండి అంటుకుని ఉందని చెప్పింది. మాస్టారు తహసీల్దారు హోదాలోనే వెళ్ళి పాలు దించారు. ముప్పై ఏళ్ళలో ఆ ఇల్లాలు జడ్జీతో, మోతుబరితో, తాగుబోతుతో, ఒక ఏడాదైతే పిచ్చివాడితో కూడా కాపురం చేసింది. ఎంతటివాడైనా సరే, చెప్పినప్పుడు పాలు దించాల్సిందే.

మాస్టారు పర్చూరు చుట్టుపక్కల హైస్కూళ్ళలో తెలుగు చెప్పి నిరుడే రిటైరయ్యారు. అసలు ఉద్యోగం మాత్రం యువ కళా సమితి కార్యదర్శి పదవే అని ఆయన ఉద్దేశం. ఆ పేరు పెట్టినప్పుడు అందరికీ పాతికేళ్ళు. ఇప్పుడు ఆ యువకుల్లో ముగ్గురికి షుగరు, ఒకరికి బైపాసు. అయినా ఏటా ఒక నాటిక తయారుచేసుకుని, ఊరూరా జరిగే పోటీలకు, అదే పరిషత్తులకు, వ్యాను కట్టించుకుని వెళ్ళాల్సిందే. దానివల్ల ఒరిగేదేమిటని అడిగినవాళ్ళకు మాస్టారు బుల్లయ్య సంగతి చెప్పేవారు. తామర పురుగు తగిలి నాలుగెకరాల మిరప తుడిచిపెట్టుకుపోయిన ఏడు, బుల్లయ్య ఇంట్లో ఎవరితోనూ మూడు నెలలు పెదవి విప్పలేదు. రిహార్సల్‌కి వస్తే మాత్రం తన పాత్ర మాటలు చెప్పేవాడు. ఆ మాటలైనా మాట్లాడుతున్నాడని అతని భార్యే సాయంత్రం కాగానే చొక్కా చేతికిచ్చి పంపేది. మనిషి మళ్ళీ మనుషుల్లో పడింది అలాగే.

ఈ ఏడాది నాటిక మాస్టారే రాశారు. కౌలుకు పత్తి వేసిన రైతు పురుగుల మందు తాగి చనిపోతాడు. పొలం అతని పేరున లేదు గనక కాగితాల్లో అతను రైతు కాడు. అతని భార్య తహసీల్దారు ఆఫీసుకొచ్చి, నా మొగుడు రైతా కాదా రాసివ్వమని అడుగుతుంది. అరగంట నాటికలో ఇరవై నిమిషాలు ఆవిడే మాట్లాడుతుంది. ఆ పాత్ర తెనాలి కోటిరత్నం గారిది. ఆ మాటకొస్తే పన్నెండేళ్ళుగా సమితిలో ప్రతి ఆడపాత్రా ఆవిడదే. అక్కడి నాటక సమాజాల్లో ఉన్న రివాజు అది. మగవాళ్ళు ఊళ్ళోవాళ్ళు, సరదాకు వేస్తారు. ఆడపాత్రకు మాత్రం బయటి నుంచి రోజు కూలి మీద నటిని పిలుస్తారు. ఆవిడ చివరి రెండు రోజులే వస్తుంది. అప్పటిదాకా ఆవిడ స్థానంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, మగవాళ్ళంతా ఆ కుర్చీతోనే పోట్లాడి, ఆ కుర్చీనే ఓదారుస్తారు. కుర్చీ పక్కన నిలబడి ఎవరో ఒకరు కాగితం చూసి ఆవిడ మాటలు చదువుతారు. ఈసారి చదువుతున్నది మాస్టారి ఒక్కగానొక్క కూతురు మనోజ్ఞ. మంగళగిరిలో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తుంది, నెల రోజులుగా ఇంటి నుంచే పని. వారం తిరిగేసరికి ఆ అమ్మాయి కాగితం చూడటం మానేసింది. అది అందరూ గమనించారు, మాస్టారు తప్ప.

టిఫిను కాకముందే తెనాలి నుంచి ఫోను వచ్చింది. కోటిరత్నం గారు బాత్రూంలో జారిపడ్డారు, కాలికి కట్టు కట్టారు, నెల్లాళ్ళు కదలకూడదట. పోటీ చూస్తే రేపు కాక ఆ పై ఆదివారమే. బుల్లయ్య పరుగున వచ్చాడు. ఇద్దరూ కూర్చుని తెలిసిన నటీమణులందరికీ ఫోన్లు చేశారు. పరిషత్తుల సీజను, అందరూ ఎక్కడో అక్కడ ఒప్పుకునే ఉన్నారు. ఈ ఏడు ఎత్తేస్తే మన వయసులకు ఇంక లేవటం ఉండదు మాస్టారూ అన్నాడు బుల్లయ్య, నేల చూస్తూ. ఆ మాట ఇద్దరికీ తెలిసిందే.

"నేను వేస్తాను నాన్నా," అంది మనోజ్ఞ.

మాస్టారు నవ్వారు. కూతురు నవ్వకపోయేసరికి ఆపేశారు. నీ గొంతు చిన్నదన్నారు. నీకు ఆఫీసుందన్నారు. మైకులుంటాయని, పోటీ ఆదివారమని ఆ పిల్ల దేనికి దానికే జవాబు చెప్పింది. ఇక దాచి లాభం లేక అసలు సంగతి బయటపెట్టారు. అదే ఆదివారం పొద్దున సింగరాయకొండ నుంచి పెళ్ళిచూపులకు వస్తామన్నారు. పిల్లవాడు ప్రద్యుమ్న ఇంజనీరు, తండ్రి నిష్ఠాపరుడు. పెళ్ళి కావలసిన పిల్ల ముఖానికి రంగేసుకుని స్టేజీ ఎక్కిందంటే వాళ్ళేమనుకుంటారు?

"కోటిరత్నం గారు ఎక్కితే తప్పులేదు, నేనెక్కితే తప్పా?"

"ఆవిడ వేరు."

"ఏం వేరు నాన్నా?"

బుల్లయ్య చెప్పులు వెతుక్కునే వంకతో బయటికి జారుకున్నాడు. మనోజ్ఞ గొంతు పెంచలేదు.

"ఆడది నోరు తెరిచి అడగాలని నువ్వే రాశావు. ఆ కింద ఇంకో వాక్యం కూడా రాయి నాన్నా. ఈ నియమం మా ఇంటికి వర్తించదు అని."

మాస్టారికి కోపం వచ్చింది, ఎవరి మీదో తేల్చుకోలేకపోయారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుందని కామేశ్వరి ఆయనకు వినపడేలాగే గొణిగింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు పొన్నూరు మీదుగా తెనాలి బస్సెక్కారు. పరామర్శించినట్టూ ఉంటుంది, ఇంకెవరైనా నటి పేరు చెబితే రాసుకున్నట్టూ ఉంటుందని. పన్నెండేళ్ళ పరిచయంలో ఆయన ఆవిడ ఇంటికి వెళ్ళడం అదే మొదలు. రెండు గదుల వాటా. కాలు బల్ల మీద చాపుకుని కూర్చుని కోటిరత్నం గారు జాకెట్టుకు హెమ్మింగ్ చేస్తున్నారు. పక్కన కుట్టుమిషను, దుమ్ము పడకుండా దాని మీద ఒక శాలువా. సమితి తరఫున తానే కప్పిన శాలువా అది. మాస్టారు చూపు తిప్పుకున్నారు.

పక్కవాటా అమ్మాయి టీ తెచ్చిచ్చింది. మాస్టారు వచ్చిన పని చెప్పారు.

"వేరే వాళ్ళెందుకు మాస్టారూ? మీ ఇంట్లోనే ఉందిగా," అన్నారు కోటిరత్నం గారు. మనోజ్ఞ మూడు వారాలుగా తనకు ఫోను చేస్తోందట. ఈ మాట దగ్గర ఏడవాలా, ఏడుపు ఆపుకోవాలా అని అడుగుతోందట. నిన్న ఫోనులోనే మొత్తం అప్పజెప్పిందట. వింటుంటే తనకే కన్నీళ్ళు ఆగలేదన్నారావిడ. మాస్టారు ఇబ్బందిగా కదిలారు.

"అది మర్యాదస్తుల ఇంటి పిల్ల కోటిరత్నం గారూ. రేపో మాపో పెళ్ళి కావలసింది. స్టేజీ ఎక్కిందని తెలిస్తే..."

అన్నాక తానేమన్నారో ఆయన చెవులకు వినపడింది. కోటిరత్నం గారు దారం కొరికి, సూది జాకెట్టుకు గుచ్చి పక్కన పెట్టారు.

"పన్నెండేళ్ళలో మీకు భార్యగా వేశాను, తల్లిగా వేశాను, చెల్లెలిగా వేశాను. ప్రతిసారీ శాలువా కప్పి కళామతల్లి అన్నారు. ఒక్కసారి ఇంటికి రమ్మనలేదు. నేనూ రావాలనుకోలేదులెండి, పనికొచ్చినదాన్ని పని చేసుకుని వెళ్ళేదాన్ని. కానీ మీ దృష్టిలో నేను మర్యాదకు అవతల ఉన్నానని ఇవాళే తెలిసింది. మీరు మంచివారు మాస్టారూ. అందుకే ఎక్కువ బాధగా ఉంది."

మాస్టారు తాగని టీ గ్లాసు కింద పెట్టారు.

"మా అమ్మాయి నర్సు. పెళ్ళిచూపుల్లోనే చెప్పేసింది, మా అమ్మ నాటకాలు వేస్తుందని. రెండు సంబంధాలవాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. మూడోవాళ్ళు ఈసారి ఆట ఎక్కడ, మేమూ వస్తామన్నారు. అల్లుడు బంగారం." ఆవిడ మళ్ళీ సూది అందుకున్నారు. "టీ చల్లారిపోతోంది, తాగండి."

ఆ టీ ఎలా తాగారో, బస్సు ఎలా ఎక్కారో మాస్టారికి గుర్తు లేదు. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఘాటుకు పక్కసీటాయన తుమ్ముతూనే ఉన్నాడు. మాస్టారికి అదీ పట్టలేదు. ఆయనకు సిగ్గుగా ఉంది. అరవయ్యేళ్ళు పైబడ్డాక వచ్చే సిగ్గు బాగా లోతుకు దిగుతుంది. ముప్పై ఏళ్ళుగా తాను ఊళ్ళవాళ్ళకు చెప్పిన నీతులన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. కళకు కులం లేదన్నారు, తక్కువా ఎక్కువా లేదన్నారు. జనం చప్పట్లు కొట్టారు కూడా.

ఇంటికొచ్చి కామేశ్వరికి అంతా చెప్పారు, ఒక్క మాట దాచకుండా. ఆవిడ మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మీరు ముందు రచ్చ గెలిచారు. ఇల్లు మిగిలుంది, వెళ్ళండి," అని కూతురి గది వైపు చూపించింది.

మనోజ్ఞ లాప్‌టాప్ మూసి తండ్రి వైపు చూసింది. మాస్టారు మంచం అంచున కూర్చున్నారు. తెనాలిలో తానన్న మాట అన్నట్టుగానే చెప్పారు. నిన్న నీతో అన్నదీ అదే మాట, ఆవిడ ముఖం చూసేదాకా నాకు తెలియలేదమ్మా అన్నారు.

"ఆవిడకు క్షమాపణ చెప్పావా?"

"నోరు పెగల్లేదు."

"ముప్పై ఏళ్ళుగా స్టేజీ మీద అన్నేసి డైలాగులు చెప్పినవాడివి."

"అవన్నీ రాసిపెట్టుకున్నవమ్మా," అన్నారు మాస్టారు. ఆ మాట అంటుండగా ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చిన్నప్పుడు తాను ఏడిస్తే ఎత్తుకుని ఊరంతా తిప్పిన మనిషి అలా కూర్చుని ఉంటే మనోజ్ఞ చూడలేకపోయింది. దగ్గరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నువ్వు వెయ్యాలి తల్లీ. సమితి నిలబడాలని కాదు. నేను అన్న మాట తప్పని నాకే తెలియాలి."

సింగరాయకొండకు ఫోను చేసింది కామేశ్వరే. ఆదివారం మా అమ్మాయికి నాటికుంది, పెళ్ళిచూపులకు కుదరదు, చూడాలనుకుంటే అక్కడికే రండని పరిషత్తు జరిగే ఊరి పేరు చెప్పింది. అవతలివాళ్ళు ఆలోచించుకుని చెబుతామన్నారు. మళ్ళీ చెప్పలేదు. ఆ సంబంధం పోయినందుకు బాధ పడాలని మాస్టారు అనుకున్నారు గానీ, రిహార్సళ్ళ హడావిడిలో తీరిక చిక్కలేదు. ఏంది మాస్టారూ, అమ్మాయి మనందర్నీ మింగేసేటట్టుందే అని బుల్లయ్య రోజూ మురిసిపోయాడు.

ఆదివారం పొద్దున కామేశ్వరి కారు మాట్లాడుకుని తెనాలి వెళ్ళింది. రానంటే రానన్న కోటిరత్నం గారిని, మా ఇంట్లో ఒకపూట భోంచేసి వెళ్ళండి, నాటిక సంగతి తరవాత చూసుకుందామని బతిమాలి తీసుకొచ్చింది. గోంగూర పచ్చడి, బీరకాయ పప్పు, గారెలు. మాస్టారే వడ్డించారు. వడ్డన మధ్యలో నాలుగైదుసార్లు ఏదో చెప్పబోయి, ఇంకో గారె వేశారు. ఆఖరికి ఆవిడే చెయ్యి అడ్డుపెట్టుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం ఆరున్నరకు పరిషత్తు మైదానం నిండింది. మొదటి వరసలో కోటిరత్నం గారు కాలు చాపుకుని కూర్చున్నారు, పక్కన కామేశ్వరి. తెర లేచే ముందు పాత్రధారులను పరిచయం చేయడం అక్కడి పద్ధతి. కార్యదర్శి గనక ఆ పని ఎప్పుడూ మాస్టారిదే. తహసీల్దారు కోటుతోనే మైకు ముందుకొచ్చి, బుల్లయ్య పేరు, మిగతా మగవాళ్ళ పేర్లు చదివారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"స్త్రీ పాత్ర వేస్తున్నది మనోజ్ఞ. మా అమ్మాయి. ఆమెకు ఈ పాత్ర నేర్పింది కోటిరత్నం గారు. పన్నెండేళ్ళుగా ఇదే మైకులో, తెనాలి నుంచి విచ్చేసిన నటి అని చెప్పాను. తప్పు చెప్పాను. ఆవిడ మా సమితి మనిషి. మా అందరికంటే ముందు రాయాల్సిన పేరు. మర్యాద అంటే ఏమిటో తెలియక మొన్న నేను ఆవిడ ఇంటికి వెళ్ళి..."

అక్కడ ఆగిపోయారు. మాస్టారు వాక్యం మరిచిపోయారనుకుని వెనకెవరో చప్పట్లు కొట్టారు. ఆయన మైకు దగ్గర చేతులు జోడించి నిలబడ్డారు, మొదటి వరస వైపు తిరిగి.

కోటిరత్నం గారు చెంగుతో కళ్ళొత్తుకున్నారు. పన్నెండేళ్ళలో ఎన్ని వందల మందిని ఏడిపించిందో ఆ మనిషి, తాను నిజంగా ఏడవడం జనం చూడటం అదే మొదలు. తరవాత మైకు అక్కర్లేని ఆ గొంతుతో కూర్చున్నచోటి నుంచే అన్నారు.

"చాలు మాస్టారూ, అందింది. మీది తహసీల్దారు పాత్ర, మీకు ఏడుపు లేదు. కళ్ళు తుడుచుకుని లోపలికి పదండి. పిల్ల ఎదురుచూస్తోంది."

మైదానమంతా నవ్వింది. మాస్టారు కోటు చేత్తో ముఖం తుడుచుకుని కూతురి దగ్గరికి వెళ్ళారు.