నేల ఇచ్చిన మార్కులు

“అమ్మా! రేపు నువ్వు హాలుకి రావద్దు!”

గిన్నెలు తోముతున్న ఆ తల్లి చెయ్యి ఠక్కున ఆగిపోయింది. తను విన్నది నిజమేనా? పదకొండేళ్ళుగా జ్వరమొచ్చినా, నడుము పట్టేసినా ఒక్కరోజు మానకుండా సినిమాహాలు ఊడ్చి, ఆ చీపురుతోనే కూతుర్ని చదివించి, కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగస్తురాల్ని చేసిన తల్లితో ఆ కూతురు అనవలసిన మాటేనా అది!

“ఆదివారం పూట నేను రాకపోతే హాలు ఎవరూడుస్తారే చిట్టీ? మీ పత్రికవాళ్ళా?”

“ఒక్కరోజు సెలవు పెట్టమ్మా... మా షాపు వాళ్ళంతా వస్తున్నారు. ఎడిటరుగారు వస్తున్నారు...”

“వస్తే? నన్ను చూసి జడుసుకుంటారా?”

చిట్టి తల వంచుకుని చేతిగడియారం పట్టీ సవరించుకుంది. అది చాలదూ! తల్లికి ఒళ్ళంతా కంపరమెత్తింది. బొగ్గులా మాడిన గిన్నె అడుగును చూసినా కలగని రోత, చెట్టంత ఎదిగిన కన్నకూతురి ముఖం చూస్తే కలిగింది.

సంగతేమిటంటే, ఒక సినిమా వారపత్రిక ఏటా పాఠకులకు పోటీ పెడుతుంది. ఆ సంవత్సరం వచ్చిన సినిమాల్లో ఎవరికేది నచ్చిందో, దేనికెన్ని మార్కులో, ఎందుకో రాసి పంపాలి. చిట్టికి సినిమా అంటే ప్రాణం. నాలుగేళ్ళుగా పంపుతోంది, నాలుగేళ్ళుగా చెత్తబుట్టలోకే పోతోంది. ఈ ఏడు మాత్రం మొదటి బహుమతి వచ్చింది! ఆ బహుమతి తల్లి ఊడ్చే హాల్లోనే, వేదికమీద, నలుగురి ఎదుటా ఇస్తారట. ఆ తర్వాత చిట్టి మొదటి స్థానమిచ్చిన సినిమా మళ్ళీ వేస్తారట.

అయితే ఆ మార్కులు ఎవరివి? అది చిట్టికి తెలుసు, తల్లికి తెలుసు, ఇంకెవరికీ తెలియదు.

తల్లి ఏ సినిమానీ మొదటినుంచి చూసింది లేదు. ఆట చివర వెనక తలుపు పక్కన చీపురుతో నిలబడి, ఆఖరి ఐదు నిమిషాలు చూస్తుంది. దీపాలు వెలగ్గానే జనం మీద పడతారు. వాళ్ళు పోయాక మిగిలేది ఆమెదే. ఛీ, ఏం మనుషులు! కూల్‌డ్రింకు ఒలికి జిగటగా పట్టేసిన నేల, సీట్ల కింద అంటించిన బబుల్‌గమ్, చిన్నపిల్లలకు మార్చి అక్కడే పారేసిన గుడ్డలు... ఇంట్లో ఇలాగే చేస్తారా వీళ్ళు అని రోజుకు నూరుసార్లు తిట్టుకుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి మోచేతులదాకా సబ్బు రుద్దుకుని భోజనానికి కూర్చున్నాక, చిట్టి అడుగుతుంది, “కొత్త సినిమా ఎలా ఉందమ్మా?” అని.

“తెరేం చెబుతుందే? నేల చెబుతుంది,” అంటుంది తల్లి. “కత్తుల సినిమాకి తొమ్మిది బస్తాల చెత్త. చింపిపోసిన కాగితాలు మోకాళ్ళ లోతు, జె వరుసలో వాంతి. సున్నా!”

“మా షాపులో అందరూ పదికి పది ఇచ్చారమ్మా!”

“వాళ్ళనొచ్చి ఆ వాంతి కడగమను, అప్పుడిస్తారు పది!”

దెయ్యం సినిమాకి పాప్‌కార్న్ అంతా వెనక వరుసల్లోకి ఎగిరిపడింది. “పాపం, నిజంగానే భయపడ్డారు, ఆరు వేసుకో.” నవ్వుల సినిమాకి ముందు సీట్ల వీపులన్నీ కాఫీ మరకలు. “నవ్వాపుకోలేక చిమ్మారు. నాకు చాకిరీ పెరిగిందనుకో, అయినా ఏడు.” వానసినిమాకైతే ఆమె కళ్ళు పెద్దవి చేసి చెప్పింది. “కొనుక్కున్న డబ్బాలు నిండుగా అలాగే ఉన్నాయే చిట్టీ! తినడమే మర్చిపోయారు! అర బస్తా చెత్త కూడా లేదు. తొమ్మిది!”

“ఆ ఒక్క మార్కూ ఎందుకు తగ్గించావు?”

“ఎవడో వెధవ సీటుకి బబుల్‌గమ్ అంటించాడుగా!”

అమ్మప్రేమ సినిమా దగ్గర మాత్రం ఇద్దరికీ పడలేదు. కొడుకుల కోసం ఒళ్ళు అరగదీసుకున్న తల్లి కథ. చిట్టి చూసి వెక్కివెక్కి ఏడ్చానంది. “నేనూ చూశాలే ఆ ఏడుపులు,” అంది తల్లి. “ముక్కు చీదిన కాగితాలే మూడు బస్తాలు. ఒక మహాతల్లి ఏడ్చుకుంటూ లేచొచ్చి, ఆ కాగితం నా పాదం మీద పడేసి పోయింది! తెరమీద తల్లికి కన్నీళ్ళు, ఎదురుగా వంగున్న మనిషి కంటికి ఆనదు! థూ! నాలుగుకి మించి ఇవ్వను.”

ఇవన్నీ చిట్టి ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. తన సొంత మార్కులకు ఏనాడూ రాని బహుమతి ఈ మార్కులకు వచ్చింది.

ఆ కబుర్లలో తల్లి తిట్టకుండా చెప్పేది ఒక్కటే ఉంది. జి వరుస! ప్రతి శనివారం మ్యాట్నీకి హాలంతా పెంటపెంటగా ఉంటే, జి వరుస మాత్రం అద్దంలా ఉండేది. ఎవరో మొత్తం ఏరి, పక్కతలుపు దగ్గరున్న డబ్బాలో వేసిపోతున్నారు. “పధ్నాలుగు వరుసల్లో ఆ ఒక్క వరుస దగ్గరే నా నడుము కాస్త నిటారవుతుందే! ఏ తల్లి కన్న బిడ్డో గానీ చల్లగా ఉండాలి!” అని దీవించేది. అప్పుడు చిట్టి మంచినీళ్ళ కోసమని లేచి వెళ్ళిపోయేది. చిట్టి కూడా ఆ హాల్లోనే సినిమాలు చూస్తుంది. ఎప్పుడొస్తుందో, ఎక్కడ కూర్చుంటుందో చెప్పదు. దీపాలు వెలిగేలోపే మాయమైపోతుంది. ఎందుకో తల్లికి తెలియదా? తెలుసు... తెలిసే ఎన్నడూ అడగలేదు.

ఆదివారం రానే వచ్చింది. తల్లి సెలవు పెట్టలేదు. పంతం కొంత, ఆశ కొంత... నలుగురూ చప్పట్లు కొడుతుంటే తన బిడ్డ ముఖం ఎలా వెలుగుతుందో ఒక్కసారి చూడాలని! పక్కతలుపు పరదా వెనక ఒదిగి నిలబడింది. టిక్కెట్టు చూసి సీట్లు చూపించే టార్చి బాబాయి, “ముందుకు రావమ్మాయ్, బాగా కనిపిస్తుంది,” అన్నాడు. వద్దని చెయ్యి ఊపింది.

వేదికమీద ఎడిటరు మైకు పట్టుకుని చిట్టి రాసింది చదువుతున్నాడు. “సినిమా ఎలా ఉందో తెర చెప్పదు, నేల చెబుతుంది! ఆహా! ఎంత గొప్ప ఊహండీ!” హాలు చప్పట్లతో దద్దరిల్లింది. చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ చేసుకుంటూ ముందువరుసలో ఒకాయన కాఫీ కప్పు కిందకు జారవిడవడం కూడా తల్లి చూసింది. ఛీ!

“ఇంత పరిశీలన మీకెక్కడ అబ్బిందమ్మా? ఇంట్లో ఎవరైనా రచయితలున్నారా?”

తల్లి ఊపిరి బిగబట్టింది. చెప్పవే చిట్టీ... పేరు చెప్పక్కర్లేదు, పని చెప్పక్కర్లేదు, ‘మా అమ్మ మాటలండీ’ అని ఒక్క ముక్క...

చిట్టి షాపు స్నేహితుల వైపు చూసింది. గొంతు సవరించుకుంది.

“లేదండీ... అన్నీ నా ఊహలే. మా అమ్మ స్కూలు టీచరు. ప్రస్తుతం ఊళ్ళో లేరు.”

తల్లి గోడకు చేరగిలబడింది. చీపురు పట్టిన అమ్మ పనికిరాదు! బెత్తం పట్టిన అమ్మ కావాలి! పదకొండేళ్ళు ఎవరెవరి ఎంగిళ్ళో ఎత్తింది, ఎవరెవరి వాంతులో కడిగింది. అప్పుడెప్పుడూ అడ్డుపెట్టుకోని తువ్వాలు ఇప్పుడు నోటికి అడ్డుపెట్టుకుంది. ఏడుపు రాలేదు ఆమెకు, అసహ్యం వేసింది... కూతురి మీద, ఆ చప్పట్ల మీద, ఇది చూడాలని తయారై వచ్చిన తనమీద!

వానసినిమా నడిచినంతసేపూ ఆమె చీపుర్ల గదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. ఆట అయింది. ఏమైనా పని పనే కదా! చీపురు తీసుకుని లోపలికి నడిచింది. ఎడిటరు చిట్టి చెయ్యి పట్టుకుని, “రండమ్మా, బయట ఫొటోలు తీయాలి, అందరూ మీ కోసమే చూస్తున్నారు,” అంటూ హడావిడిగా లాక్కొస్తున్నాడు. నడవలో తల్లీకూతుళ్ళు ఎదురుపడ్డారు. చిట్టి ముఖం పాలిపోయింది.

“కాస్త పక్కకి జరగండి... దుమ్ము లేస్తుంది, మీ బట్టలు పాడవుతాయి,” అంది తల్లి.

అండీ అంది! కన్నకూతుర్ని! షాపు స్నేహితురాలెవరో ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంది. ఎడిటరు తాగిన కప్పు సీటు అంచున పెట్టాడు, అది దొర్లి తల్లి కాళ్ళ దగ్గర పడింది. అందరూ దాన్ని దాటుకుని వెళ్ళిపోయారు. చిట్టి కూడా వెళ్ళిపోయింది.

తల్లి ఆ కప్పు తీసి నడవ మొదట్లో సీటు మీద విడిగా పెట్టింది, ఎందుకో బస్తాలో వేయబుద్ధి కాలేదు. తర్వాత ఎ వరుస నుంచి మొదలుపెట్టింది. బి... సి... డి... మాట్లాడకుండా, తిట్టుకోకుండా ఊడ్చింది. అలా ఊడుస్తూ జి వరుసకు వచ్చి నిలబడిపోయింది.

వరుస శుభ్రంగా ఉంది! శనివారం కాదే ఇవాళ! చివరి సీటు మీద ఒక ప్లాస్టిక్ సంచీ. అందులో కప్పులు, డబ్బాలు, కాగితాలు. మూతికి రెండు ముళ్ళు వేసి, కొసలు రెండూ ముడి కిందికి మడిచి దోపి ఉన్నాయి.

ఆ ముడి ఆమెది! చిట్టి చిన్నప్పుడు బడికి తీసుకెళ్ళే డబ్బా దారిలో ఒలికిపోతుంటే, గుడ్డకు అలా ముడివేసి కొసలు దోపడం తనే నేర్పింది. ఐదేళ్ళ పిల్ల నాలుక బయటపెట్టి, కష్టపడి ఆ కొసలు దోపడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

“బాబాయ్!” అని కేక పెట్టింది. “ఈ సీట్లో ఎవరు కూర్చున్నారు?”

టార్చి బాబాయి తల గోక్కున్నాడు. “ఇంక దాచి ఏం లాభంలే అమ్మాయ్... మీ చిట్టే. ఏడాదిగా ప్రతి శనివారం ఇక్కడే. చివర్లో పేర్లు పడుతుంటే చీకట్లోనే వంగి అన్నీ ఏరుతుంది. నేను టార్చి పట్టుకుంటాను. డబ్బాలో పడేసి పరుగెత్తేది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇవాళ ఆయనెవరో చెయ్యి పట్టుకు లాక్కుపోయాడు, సంచీ ఇక్కడే ఉండిపోయింది.”

తల్లి ఆ సీట్లో కూలబడిపోయింది. పదకొండేళ్ళలో ఆ హాల్లో ఆమె సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. ఏ తల్లి కన్న బిడ్డో అని ఏడాది పొడుగునా దీవించిందే... తన బిడ్డేనా! సంచీని ఒళ్ళో పెట్టుకుని అప్పుడు ఏడ్చింది, వెర్రిగా, వెక్కిళ్ళు పెట్టి.

“అమ్మా...”

నడవలో చిట్టి నిలబడి ఉంది. ఫొటోలు మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది, మెడలో దండ అలాగే ఉంది.

“అక్కడే ఆగు!” తల్లి గొంతు ఖంగుమంది. “ఎందుకే ఇది? ఎవర్ని ఉద్ధరించడానికి? వరుస ఊడ్చావు సరే... తల్లిని మాత్రం చెత్తలో కలిపి ఊడ్చేశావు కదే!”

“తిట్టమ్మా... ఇంకా తిట్టు! నలుగురిలో నిన్ను అమ్మా అని పిలిచే ధైర్యం లేకపోయింది. నువ్వలా వంగి ఊడుస్తుంటే చూస్తూ పోయే రాతిగుండె కూడా లేకపోయింది. అందుకే దొంగలా ఏరాను. నీ పని అసహ్యం కాదమ్మా... ఒట్టు... ఇందాక నువ్వు అండీ అన్నావు చూడు, నామీద నాకే పరమ అసహ్యం వేసింది!”

“వేయాలి! బాగా వేయాలి! ఏడ్చింది చాలు... ఆ ముక్కు తుడుచుకున్న కాగితం మాత్రం కింద పడేశావో, చంపుతాను!”

అంతలో ఎడిటరు ఆయాసపడుతూ వచ్చాడు. “ఏమ్మా, అలా వచ్చేశారు? అందరూ ఎదురుచూస్తుంటే... ఈవిడెవరు?”

చిట్టి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. మెడలో దండ తీసి సీటుమీద పెట్టింది.

“మా అమ్మండీ. టీచరు కాదు, ఈ హాలు ఊడుస్తుంది. ఆ మాటలు, ఆ మార్కులు అన్నీ అమ్మవే. ఒక్కటి కూడా నాది కాదు. ఇదే మాట మీ పత్రికలో వేయండి. బహుమతి మీరు వెనక్కి తీసుకుంటామన్నా సరే.”

తల్లి లేచి వెళ్ళి, నడవలో విడిగా పెట్టిన కప్పు తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“ఇది మీదేనండీ. డబ్బా ఆ తలుపు పక్కనుంది.”

ఆయన ముఖం కందగడ్డయింది. కప్పు రెండు చేతులతో పట్టుకుని డబ్బా దాకా నడిచివెళ్ళాడు.

తర్వాత ఆటకు ఇరవై నిమిషాలే ఉంది. తల్లి చీపుర్ల గదిలోంచి రెండో చీపురు తెచ్చి కూతురి ముందు పడేసింది. చిట్టి కళ్ళు తుడుచుకుంటూ దాన్ని అందుకుంది. బయటినుంచి షాపు స్నేహితులు తలుపులోంచి తొంగిచూస్తున్నారు. అది చూసింది, అయినా వంగింది. హెచ్ వరుసలో చెయ్యి జిగట కూల్‌డ్రింకులో పడగానే వాంతి వచ్చినంత పనయింది. నోరు నొక్కుకుంది గానీ చీపురు వదల్లేదు.

“అమ్మా...” అంది కాసేపటికి, తల ఎత్తకుండా. “ఈ ఏడాదికి నాకెన్ని మార్కులు?”

తల్లి నడుము మీద చెయ్యి పెట్టుకుని హాలంతా ఒకసారి చూసింది. కళ్ళల్లో నీళ్ళు ఇంకా ఆరలేదు. గొంతులో కోపమూ ఇంకా ఆరలేదు.

“ఒకటి. పధ్నాలుగు వరుసల్లో ఒక్క వరుస ఊడ్చావు, ఒక్క మార్కు. ఛీ, చీపురు అలాగేనా పట్టుకునేది! కింద నుంచి పట్టు... ఇంకా ఏడు వరుసలున్నాయి, వంగు!”