బరువు కోసం పెట్టిన ట్యూబు

మధ్యాహ్నం నాలుగింటికి చర్మం డాక్టరు క్లినిక్కులో జనం పల్చబడతారు. హోటల్ రిసెప్షనిస్టు అందుకే ఆ వేళకు వస్తుంది. ఇది మూడో విడత. మోచేతి దగ్గర రక్తం తీస్తారు, గిర్రున తిప్పే యంత్రంలో పెడతారు, పైకి తేలిన పసుపుపచ్చటి నీటిని సూదులతో మాడులోకి ఎక్కిస్తారు. "నీ రక్తమే నీకు మందు, భయమెందుకమ్మా?" అన్నాడు డాక్టరు మొదటిరోజు.

వైరల్ జ్వరం మొగుడికీ వచ్చింది, ఆమెకీ వచ్చింది. జుట్టు ఇద్దరికీ ఊడింది. ఆయన నున్నటి నెత్తి చూసి ఆఫీసులో "హుందాగా ఉన్నావోయ్" అన్నారట. ఆమెను మాత్రం మేనేజరు రిసెప్షన్ కౌంటరు నుంచి లేపి, దుప్పట్లు మడతపెట్టే గదిలో పడేశాడు. "నెలాఖరుకి జుట్టొస్తే నీ కుర్చీ నీదే. లేదంటే కొత్తమ్మాయి వస్తుంది." పదేళ్ళు నాలుగు భాషల్లో అతిథుల్ని పలకరించింది ఆమె నోరు. కుర్చీ మాత్రం జుట్టుదట!

జుట్టొచ్చింది. రెండు విడతలకే నడుం దాటింది. డాక్టరు ఫొటోలు తీసుకుని మురిసిపోయాడు, మూడోదీ పడితే ఇక ఊడదన్నాడు. ఆమెకి మురిపెం కలగలేదు. ఆమెది ఉంగరాల జుట్టు. ఇది నిటారుగా, మొద్దుగా ఉంది. ఎన్నిసార్లు తలంటుకున్నా జ్వరం చెమట వాసన. మొన్న ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి అయిదు పాయల జడ అల్లి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. ఆమెకి మూడు పాయలు తప్ప అల్లడం రాదు. హోటల్ నుంచి నడిచి వస్తుంటే, రోజూ ఒక సందు మొదట్లో జడ ఎవరో పట్టి లాగినట్టుండేది.

యంత్రం మూత పడింది. సన్నటి కూత మొదలై, చెవులు గింగురుమనేంత పెరిగింది. ల్యాబు అమ్మాయి తలుపు వైపు చూసి, దగ్గరకొచ్చింది.

"అక్కా... డాక్టరుగారికి చెప్పనంటే ఒక మాట."

"చెప్పు."

"ఒక్క ట్యూబే పెడితే ఇది ఎగిరెగిరి పడుతుంది. ఎదురుగా అంతే బరువుండాలి. నీళ్ళు పోసిన ట్యూబు పెడతాం. మీ మొదటిసారి మాత్రం... బద్ధకించాను. ఫ్రిజ్‌లో ముందురోజు ఒకావిడ ఇచ్చిన రక్తముంటే అది పెట్టేశాను. రోజుకొక్కరే కదా అని పేరు చీటీలు అతికించలేదు. యంత్రం ఆగాక చూస్తే..."

"ఏది ఎవరిదో తెలీలేదు. అంతేనా?"

"చేతికొచ్చింది డాక్టరుగారికిచ్చేశాను."

"ఎవరావిడ?"

"మీలాగే, జ్వరం తర్వాత జుట్టూడింది. మొలిచేదాకా మనుషుల కంట పడొద్దన్నారట అత్తారింట్లో. దొంగచాటుగా వచ్చింది. రక్తమిచ్చాక ఫోను మోగింది, పరుగున వెళ్ళిపోయింది. మర్నాడు చేస్తే అత్తగారు ఎత్తింది. 'చచ్చిపోయింది' అని పెట్టేసింది."

కూత ఆగింది.

"ఇవాళ నీళ్ళే పోశానక్కా. ఒట్టు."

అమ్మాయి మూత ఎత్తింది.

రెండు ట్యూబులు. రెండింట్లోనూ అడుగున ఎరుపు, పైన పసుపు...

రిసెప్షనిస్టు మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు. కుర్చీ పోతే పోనీ. దుప్పట్లే మడతపెట్టుకుంటుంది. వీధి చివర సెలూనుంది, గుండు గీయించుకుంటుంది.

సెలూను అద్దం కనబడింది. అటు అడుగు వేసింది. జడ బిగుసుకుంది. మెడ వెనక్కి వంగింది. కాళ్ళు వాటంతటవే, రోజూ జడ లాగినట్టుండే ఆ సందులోకి తిరిగాయి. ఎండలో పిల్లలు బంతాట ఆడుతున్నారు. ఒక్కరూ తలెత్తలేదు. మూడో ఇల్లు. రెండో అంతస్తు. ఆమె వేలే... బెల్లు నొక్కింది.

తలుపు తీసిన పెద్దావిడ ఆమె మొహం చూడలేదు. జడ ముందుకు లాక్కుని, చివరిదాకా తడిమింది.

"ఒరేయ్, పెరిగిందిరా!"

లోపలి నుంచి కొడుకు వచ్చాడు. అతనూ జడే చూశాడు. "హమ్మయ్య. ఇక నలుగురిలోకి తీసుకెళ్ళొచ్చు."

"నేను మీ కోడల్ని కాదండీ... నా మొహం చూడండి!" అరిచాననుకుంది. గుసగుసే వచ్చింది.

"మొహానిదేముందమ్మా," అంది పెద్దావిడ, తలుపు గడియ వేస్తూ.

"మీ కోడలు... చచ్చిపోయిందన్నారు కదా..."

"నెత్తి బోడిగా ఉంటే ఏం చెప్పమంటావు? అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాం."

హాలు చివర ఒక గది. దానికి బయటి నుంచి తాళం. లోపల ఏదో కదులుతోంది... ఆగి, ఆగి... ఓపిగ్గా...

దువ్వెన చప్పుడు.

వెంట్రుకల్లో కాదు. ఉత్తి చర్మం మీద.