ఎనిమిదో వరుసలో క్యారియర్

సాయంత్రం ఆరయ్యేసరికి విశాఖ బీచిరోడ్డులో జనమంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగి కళ్ళు మూసుకుంటారు. అది విలీనం వేళ. పగలంతా వేరే పనుల మీద తిరిగిన ప్రతిచిత్తాలు ఆ సమయానికి వచ్చి అసలు మనుషుల్లో కలిసిపోతాయి. ఆ శుక్రవారం సుభాషిణి కూడా బస్ షెల్టరులో కూర్చుని కళ్ళు మూసుకుంది.

పగలు ఆమె రొయ్యల ఎగుమతి కంపెనీలో సరుకు పంపించే పని చూసుకుంది. ఆమె ప్రతిచిత్తం, అంటే ఆమె మనసుకు నకలు, మాత్రం వెలుగుబొమ్మ రూపంలో బిజినెస్ స్కూల్లో కూర్చుని పాఠం విన్నది. దీన్ని పార్ట్ టైమ్ అంటున్నారు. ఉద్యోగం మానేసి మనిషే స్వయంగా వెళ్ళి కూర్చుంటే ఫుల్ టైమ్.

కిందటి వారం చేరేటప్పుడు సుభాషిణి చాలా తటపటాయించింది. ఆమెకు కావలసింది డిగ్రీ ఒక్కటే కాదు. ఆఫీసులో చుట్టూ వెలుగుబొమ్మలే, అద్దె గదిలో తనొక్కతే. పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడే మనిషి కావాలి. ఆ మాట చెబితే మేనేజరు చక్రపాణి పకపకా నవ్వాడు.

"ఫుల్ టైమా? ఈ రోజుల్లో ఎవరెళ్తున్నారమ్మా? అవ్వా కావాలి, బువ్వా కావాలి అనేవాళ్ళ కోసమే కదా ప్రతిచిత్తం వచ్చింది! జీతం పోగొట్టుకుని బెంచీలతో కబుర్లు చెప్పుకుంటావా?"

నిజమేననిపించి పార్ట్ టైములో చేరింది.

ఇప్పుడు విలీనంలో పాఠంతో పాటు మరో జ్ఞాపకం వచ్చి చేరింది. భోజనం గంట కొట్టగానే వెలుగుబొమ్మలన్నీ మసకబారాయి. ఎనిమిదో వరుసలో ఒక్కడు మాత్రం మసకబారలేదు. సంచీలోంచి స్టీలు క్యారియర్ తీసి, లేచి, ఆమె బొమ్మ దగ్గరికొచ్చాడు.

"ఏటండీ, తింటారేటి? నెత్తళ్ళ ఇగురు తెచ్చాను."

"క్షమించండి, నేను ప్రతిచిత్తాన్ని. భోజనం చేయలేను," అంది బొమ్మ మర్యాదగా.

"తెలుసండీ. అయినా అడక్కుండా ఎలాగ తింటాం?"

అతను వెనక్కెళ్ళి ఒక్కడే తిన్నాడు. ప్రతిచిత్తానికి ముక్కు లేదు కాబట్టి ఆ జ్ఞాపకంలో చేపల ఇగురు వాసన లేదు. ఎంత గుర్తుచేసుకోబోయినా అది రాలేదు. సుభాషిణికి బస్ షెల్టరులోనే ఏడుపొచ్చింది.

అతని పేరైనా తెలియదు. స్కూలుకు మళ్ళీ సోమవారం దాకా సెలవు. ఒకసారి పద్ధతి మార్చుకుంటే ఆ ఏడాదంతా మళ్ళీ మార్చుకోవడానికి వీల్లేదు. అయినా ఆదివారం ఉద్యోగానికి రాజీనామా పంపించి, ఫుల్ టైముకు మారింది. చక్రపాణి ఫోను చేస్తే ఎత్తలేదు.

సోమవారం పొద్దున్నే ఇద్దరికి సరిపడా వంకాయ కూర వండి క్యారియర్ సర్దుకుని వెళ్ళింది. హాలులో ఆమె చెప్పుల చప్పుడొక్కటే వినిపించింది. ఎనిమిదో వరుసలో అతను కూర్చునే ఉన్నాడు. సంతోషంతో గబగబా వెళ్ళి చూస్తే, అతని ఒంట్లోంచి వెనకున్న కుర్చీ కనిపిస్తోంది.

"శుక్రవారం ఇగురు తెచ్చింది మీరే కదండీ?" అంది, కంగారుగా.

"మా తవిటినాయుడుగారండీ. నేను ఆయన ప్రతిచిత్తాన్ని. శనివారం పార్ట్ టైముకు మారిపోయారు."

"ఎందుకూ?"

"వారం రోజులు ఇక్కడ అందర్నీ భోజనానికి పిలిచారండీ. ఆఖర్న మిమ్మల్ని పిలిచారు."

సుభాషిణి అతని పక్క కుర్చీలో కూలబడింది. ఇంకో ఏడాది దాకా ఆయన ఇక్కడికి రాలేడు, తను వెనక్కి మారడానికీ వీల్లేదు. మనిషి రెండు చోట్ల ఉండే వీలు కనిపెట్టిన మహానుభావులకు ఈ సంగతి తట్టలేదు పాపం.

భోజనం గంట కొట్టింది. బొమ్మలన్నీ మసకబారడం మొదలైంది. ఆమె గబగబా క్యారియర్ విప్పి అతని ముందు పెట్టింది.

"నాకు నెత్తళ్ళ ఇగురు చేయడం రాదండీ. వంకాయ కూర తెచ్చాను. తింటారా?"

"క్షమించండి, నేను ప్రతిచిత్తాన్ని. భోజనం చేయలేను."

"తెలుసు. అయినా అడక్కుండా ఎలా తింటాం?"

సాయంత్రం ఆరింటికి ఈ ఊళ్ళోనే ఎక్కడో తవిటినాయుడు కళ్ళు మూసుకున్నప్పుడు ఆ మాట ఆయనకు చేరుతుంది. కూర వాసన మాత్రం చేరదు.