మధ్యలో మానేసినవాళ్లు

ఆస్పత్రి ల్యాబ్‌లో ఫ్రీజర్ తాళం పగల్లేదు. లోపల దాచిన రక్తం మాత్రం మాయమైంది.

పెద్ద డాక్టర్ అగ్గి మీద గుగ్గిలమవుతున్నాడు.

"ఏళ్ల తరబడి చేస్తున్న పరిశోధన! కీళ్లనొప్పుల మాత్ర వాడేవాళ్లు కొన్ని వేలమంది, వాడనివాళ్లు కొన్ని వేలమంది. ఎవరికి ఏ జబ్బు వస్తుందో చూడ్డానికి ఏటా రక్తం తీసి దాచాం. ఇది పోటీ కంపెనీవాళ్ల పనే!"

ఇన్‌స్పెక్టర్ వినీ విననట్టు అరలు చూస్తోంది. స్టేషన్‌లో ఆమెని చాటుగా ఉడుము అంటారు. పట్టుకుంటే వదలదని.

"మొత్తం పోయిందా?"

"లేదు మేడమ్." ల్యాబ్ టెక్నీషియన్ ముందుకొచ్చాడు. తాళంచెవి ఉన్నది ముగ్గురి దగ్గరే: అతను, డాక్టరు, పక్కనే నిలబడ్డ, పరిశోధన లెక్కలు కట్టే అమ్మాయి. "ఒక్క అరే. అదీ మాత్ర వాడుతూ మధ్యలో మానేసినవాళ్లది. ఎందుకూ పనికిరాదు."

"ఇంకేం పోయింది?"

"ఓ థర్మాకోల్ పెట్టె, కాస్త డ్రై ఐస్. అదో లెక్కా మేడమ్!"

ఆమె ఆ మానేసినవాళ్ల అడ్రసులు తీసుకుని బయల్దేరింది.

మొదటి ఇంట్లో ఓ ప్లంబర్ తలుపు తీశాడు. "మా ఆవిడ మానేయడమేంటమ్మా! కామెర్లొచ్చి పోయింది. ఆ ఆస్పత్రికెళ్లి నేనే చెప్పొచ్చాను."

రెండో ఇంట్లోనూ చావే. మూడో ఇంట్లోనూ. అందరికీ లివరే చెడింది.

నాలుగో ఇంట్లో పోయినావిడ ఫొటో ఉంది. పక్కనే నవ్వుతూ లెక్కల అమ్మాయి.

"మా మరదలండీ. అక్క పోయాక మళ్లీ నవ్వలేదు," అన్నాడు ఇంటాయన.

సాయంత్రం ఇన్‌స్పెక్టర్ ముగ్గుర్నీ ల్యాబ్‌లో కూర్చోబెట్టింది.

"రక్తం నాశనం చేయాలంటే సింకులో పారబోస్తే చాలు. ఈ దొంగ చల్లగా ఉంచే డ్రై ఐస్ కూడా పట్టుకెళ్లింది. అంటే ఆ రక్తం చెడకూడదు, ఎవరో ఒకరు పరీక్షించాలి." అమ్మాయివైపు తిరిగింది. "మీ అక్క ఎలా పోయింది?"

"ఆ మాత్ర మింగి." గొంతు తొణకలేదు. "కళ్లు పచ్చబడితే ఈయన దగ్గరికే వచ్చింది. ఏం కాదు, మింగమన్నాడు. చచ్చిపోయాక 'మానేసింది' అని రాయించాడు. అందర్నీ అంతే. ఇక లెక్కలో మిగిలింది బతికున్నవాళ్లే. మాత్ర భేషైపోయింది!"

"దొంగముండా!" డాక్టర్ లేచాడు. తలుపు దగ్గర కానిస్టేబుల్ అడ్డం నిలబడ్డాడు.

"ఫిర్యాదు చేయలేదా?" అంది ఇన్‌స్పెక్టర్.

"తిరగని ఆఫీసు లేదు. అంకె తప్పంటే ఒక్కరూ కుర్చీలోంచి కదల్లేదు. దొంగతనం అనగానే మీరొచ్చారు. ఫోన్ చేసి పిలిచింది ఈయనే." మొదటిసారి నవ్వింది. "ఈ పూట కోసమే ఇన్నాళ్లూ ఈయనకి గుడ్ మార్నింగ్ చెప్పాను. పెట్టె మా ఇంట్లో ఉంది. మీ చేత్తోనే సీల్ వేయండి."

"నిన్ను కూడా అరెస్ట్ చేయాలమ్మా."

"చేయండి. ముందు ఈయన్ని జీపు ఎక్కించండి. నేను చూడాలి."

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత డాక్టర్ మోచెయ్యి పట్టుకుని, ఆస్పత్రి మొత్తం చూస్తుండగా, జీపు దాకా నడిపించింది.