నడుమ చాయ్‌కు ఆగిన విమానం

"విమానంల ఎన్ని గంటలు పట్టింది బిడ్డా?" అని ఐలవ్వ అడిగేదాకా లక్ష్మణ్ బతుకు బాగానే ఉంది.

ఆదిలాబాద్‌లో సృజన వాళ్ల ఇల్లు. ఐలవ్వ సృజనకు నాయనమ్మ. ఎదురుగా తండ్రి సదానందం. తలుపు పక్కన సృజన, ముఖమంతా నవ్వే. ఏడాది తర్వాత దుబాయి నుంచి పొద్దున్నే దిగానని చెప్పి, పెళ్లి మాట ఖాయం చేసుకుందామని వచ్చాడు మనవాడు.

"ఐదు గంటలు బాపమ్మా," అన్నాడు. అక్కడితో నోరు మూసుకున్నా బాగుండేది. ముసలామె ముచ్చటపడుతోంది కదా అని ఇంకాస్త కలిపాడు. "నడుమ ఒక్కకాడ ఆపిండ్రు. దిగి చాయ్ తాగినం."

పదేళ్లు దుబాయిలో పనిచేసి వచ్చిన సదానందం తన చాయ్ కప్పు కింద పెట్టాడు.

"ఏడ ఆపిండ్రు? సముద్రం మీదనా?"

సృజన కిసుక్కున నవ్వింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"దుబాయి నుంచి హైదరాబాద్‌కు నాలుగు గంటలు గూడ పట్టది లక్ష్మణ్. నువ్వు ఏ విమానం ఎక్కినవ్?" అన్నాడు సదానందం.

అయ్యో రామా! అతను ఎక్కింది కరీంనగర్ బస్సు. ఐదు గంటలూ దానివే, నిర్మల్‌లో తాగిన చాయ్ కూడా దాని పుణ్యమే. జన్మలో విమానం ఎక్కి ఎరగడు. చెవులు కాలిపోయాయి. తల ఎత్తలేకపోయాడు.

"నేను దుబాయి పోనేలే మామా. ఏజెంట్ ముంచిండు, వీసా రాలే. ఊరంత దండలేసి సాగనంపిండ్రు. మళ్ల ఏ మొఖం పెట్టుకొని పోవాలె? కరీంనగర్‌ల బండ్ల మెకానిక్ దగ్గర పనికి కుదిరిన."

సృజన దిగ్గున వాకిట్లోకి వెళ్లిపోయింది. బయట సన్నగా వాన. లక్ష్మణ్ వెనకే పరుగెత్తాడు.

"దుబాయి పోలేదని కోపమా?"

"దుబాయి గంగల కలవనీ! వీడియో కాల్ చేస్తే రూంల చానమంది ఉన్నరని కట్ చేస్తివి. సరే, పాపం అనుకున్న. నేను జరమొచ్చి దవాఖాన్ల పడ్డప్పుడు గూడ, సముద్రం దాటి ఎట్లొస్తడులే అని మనసుకు చెప్పుకున్న. నువ్వేమో కరీంనగర్‌ల ఉన్నవ్! బస్సెక్కితే వచ్చేటోనివి!"

ఇందాక అబద్ధం బయటపడిందని సిగ్గుపడ్డాడు. ఇప్పుడు మాత్రం తనంటే తనకే అసహ్యం వేసింది.

"ఆ దినం బస్టాండ్ దాక వచ్చిన సృజనా. ఎవలన్న చూస్తరని ఎనుకకు మర్రిన. నా ఇజ్జత్ కోసం నిన్ను ఏడిపిచ్చిన. సిగ్గు లేనోన్ని."

"సిగ్గు లేకనా? ఎక్కువై సచ్చినవ్."

లోపలి నుంచి సదానందం గొంతు వినిపించింది. "మెకానిక్ పనన్న నిజమేనా పిల్లగా?"

"నిజమే మామా."

"అయితే నాకేం ఫికర్ లేదు. పిల్లనే అడుగు."

పిల్ల కళ్లు తుడుచుకుంది. "నేను ఒప్పుకోలే. ప్రతి ఐతారం నీ పనికి సెలవే గద, బస్సెక్కి రా. వాన పడ్డా, ఎవలు చూసినా సరే. నా కోపం పోయినంక ఆలోచిస్త."

"ఐతారం దాక ఎందుకు? రేపే వస్త."

"పని ఇడిచిపెట్టా? మీ సేటుకు ఏం చెప్తవ్?"

లక్ష్మణ్ మొదటిసారి తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"నిజం చెప్త. నేను చేసుకోబోయే పిల్ల ఏడ్సుకుంట కూసున్నదని."

సృజనకు ఏడుపులోనే నవ్వొచ్చింది.