బిరడా కొట్టని మాను

మిట్టమధ్యాహ్నం పన్నెండు!

నల్లవాగు ఒడ్డున ఆ వేళ మనిషన్నవాడు నీళ్లలో కాలు పెట్టడు. నీటి అడుగున ఉండేవి పైకి తేలే గడియ అది... మహారణ్యం ఊపిరి బిగబట్టే గడియ! కీచురాళ్లు ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నాయి. మబ్బుతునక లేని ఆకాశంలో ఎక్కడో ఉరుము ఉరిమింది. ఆ భీకర నిశ్శబ్దంలో, పట్టపగలు, గుడ్లగూబ కూసింది... కొత్తగుడ్డను నిలువునా చింపిన చప్పుడు! ఆ ఏటి జనం దాన్ని శవవస్త్రం చింపే పిట్ట అంటారు. అది ఏ ఇంటిమీద కూస్తే ఆ ఇంట్లో గుడ్డ కప్పవలసిన మనిషి సిద్ధమైనట్టే లెక్క. అది కూస్తూ మూడుసార్లు చుట్టూ తిరిగిన ఇల్లు తైలం తీసే జసీరాది.

గుంజలమీద నిలబడ్డ ఆ చెక్క ఇంట్లో, వల ఉయ్యాలలో పడుకుని ఉన్న లిందాల్వా వెన్ను విల్లులా వంగింది.

"నిండలేదు... ఇంకా నిండలేదు!"

ఆ గొంతు లిందాల్వాది కాదు. పొగచుట్టలు కాల్చి కాల్చి గరుకెక్కిన మగవాడి గొంతు! జసీరా చెల్లెలి భుజాలను అదిమి పట్టుకుంది. చేతులు జారిపోయాయి. చెల్లెలి ఒంటికి పట్టింది చెమట కాదు... కళ్ల కొసల్లోంచి చెంపలమీదికి దిగుతున్నవి కన్నీళ్లు కావు... బంగారు రంగులో, చిక్కగా, పరిమళిస్తూ తైలం కారుతోంది! ఆరు రోజులుగా, సరిగ్గా ఇదే వేళకు కారుతోంది. కారిన ప్రతిసారీ పిల్ల ఇంత చిక్కిపోతోంది. ఇరవై రెండేళ్ల చెల్లెలి చేతులు ఇప్పుడు ఎండుపుల్లల్లా ఉన్నాయి.

దిష్టి తీయడానికి పిలిపించిన ఫిలో అవ్వ ఆ తైలాన్ని వేలికి అద్దుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ముసలిదాని మొహం పాలిపోయింది.

"ఇది కొపైబా మాను తైలమే! జసీరా... చివరిసారి ఏ మాను దగ్గర తైలం తీశారే మీరిద్దరూ?"

"వాగు మలుపు దాటాక ఉన్న పెద్ద మాను, అవ్వా."

"బిరడా కొట్టారా?"

భర్త పోయాక అతని బరమా జసీరాయే పట్టింది. మానుకు నడుమెత్తున బెజ్జం తొలిచి, కారినంత తైలం డబ్బాకు పట్టి, చివర ఒక చెక్క బిరడా చెక్కి సుత్తితో బిగించడం ఆ పని పద్ధతి. బిరడా పడితే మాను గాయం మాన్పుకుని, మళ్లీ కడుపు నింపుకుంటుంది. పడకపోతే అది తెరిచి పెట్టిన నోరు! ఎంత తాగుబోతు అయినా, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నవాడైనా బిరడా కొట్టకుండా ఇంటికి రాడు.

"వానొచ్చిందవ్వా... వాగు పొంగుతోంది. రేపొచ్చి కొడదాంలే అనుకున్నాను. మర్నాడు మర్చేపోయాను."

"మర్చిపోయావా! అన్నం తినడం మర్చిపోయావే ఎప్పుడైనా? మొగుడి బరమా చేతికొచ్చింది గానీ బుద్ధి రాలేదే నీకు! చెల్లెలు అక్కడ తల దువ్వుకుందా?"

"జుట్టు తడిసిందని... విప్పి దువ్వుకుంది."

ఫిలో అవ్వ నేలమీద చతికిలబడింది. "అయితే ఒనోఫ్రే చేతికి అన్నీ దొరికాయి. బెజ్జం దొరికింది, జుట్టు దొరికింది. ఇంకేం కావాలి ఆ చండాలుడికి!"

ఒనోఫ్రే పేరు ఆ ఏటి ఒడ్డున గట్టిగా పలికేవాళ్లు లేరు. ఒకప్పుడు వాడూ తైలం తీసేవాడే. బరమాతో తొలిచే ఓపిక లేక మాన్లను గొడ్డలితో నరికి తైలం పిండుకున్నాడు. అప్పట్నించి ఏ మాను దగ్గరికెళ్లినా చుక్క రాలేదు. అలాంటివాడి డబ్బాలు రెండేళ్లుగా పొంగిపొర్లుతున్నాయి! పట్నం పడవ మనిషి వచ్చీ రాగానే వాడి తైలమే అడుగుతున్నాడు. దాన్ని దూరదేశాల్లో అత్తరు సీసాల్లో కలుపుతారట, మొహానికి రాసుకునే లేపనాల్లో వాడతారట. ఒనోఫ్రే తైలం వాసన ఒంటిని పట్టుకుంటే వారం దాకా వదలదట! ఎలా వదులుతుంది... అందులో ఉన్నది ప్రాణం కదా! వాడి పెళ్లాం జుల్మీరా రెండేళ్ల క్రితం ఎండి ఎండి చచ్చిపోయింది. ఆమెను ఎక్కడ పాతిపెట్టారో ఎవరూ చూడలేదు.

"నీ చెల్లెలి జుట్టు ఆ బెజ్జంలో కుక్కి, మైనంతో మూసి, గొట్టం దిగేసి ఉంటాడే. మాను తాగేది దీని ప్రాణం. కార్చేదీ అదే. ఏడో మధ్యాహ్నంతో సరి... అంటే రేపు."

"నేనెళ్లి ఆ జుట్టు లాగేస్తాను!"

"లాగితే అటే పోతుంది పిల్ల. లాగకపోయినా పోతుంది."

"మరేం చెయ్యమంటావవ్వా? చెప్పు! ఏదో ఒకటి చెప్పు!"

"నాకు తెలీదే తల్లీ," అంది ఫిలో అవ్వ ఏడుస్తూ. "నా మంత్రాలు పసిపిల్లల కడుపునొప్పికి పనికొస్తాయి. వాడి ముందు నేనెంత!"

జసీరా ఆ రాత్రంతా చెల్లెలి ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది. తల్లి పోయినప్పుడు లిందాల్వాకు నాలుగేళ్లు. అప్పట్నించి తనే అన్నీ అయి పెంచింది. ఇప్పుడు తన బద్ధకమే ఆ పిల్లను చంపుతోంది! ఒక్క బిరడా... నాలుగు సుత్తి దెబ్బలు... ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమె తన నోరు తనే నొక్కుకుంది.

మర్నాడు పొద్దెక్కగానే పడవ వేసుకుని బయల్దేరింది. ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచాడు. మాను నీడ మాను పాదాల్లోకే ఇంకిపోయింది. ఆ మహావృక్షం మొదట్లో... తాటాకు టోపీ కనుబొమ్మలదాకా లాక్కుని, పెదవుల మధ్య బెరడు చుట్ట రగులుతుండగా, తాండవిస్తున్న ధూమంలో కూర్చుని ఉన్నాడు ఒనోఫ్రే! వాడి ముందు గొట్టంలోంచి ధారగా తైలం... ఆ ధార కింద వెల్లకిలా పెట్టిన పుర్రె! పుర్రె అంచుదాకా నిండడానికి ఇంకా రెండు వేళ్ల వెలితి ఉంది.

"రావమ్మా రా! నీకోసమే చూస్తున్నా," అన్నాడు తల ఎత్తకుండా. "మా జుల్మీరాను గుర్తుపట్టావా? మొహం కొంచెం మారిందిలే."

జసీరా చేతులు జోడించింది. "దాన్ని వదిలెయ్... నీ కాళ్లు పట్టుకుంటాను. తప్పు చేసింది నేను. నన్ను తీసుకో!"

"నిన్నా? ముప్పై ఏడేళ్ల విధవ ప్రాణం ఎన్ని చుక్కలవుతుందే? సరే... అంత ముచ్చటగా అడుగుతున్నావు కాబట్టి కాదనను. జడ కొయ్యి. నీది లోపలికి పెట్టి దానిది బయటికి లాగుతా."

ఆమె ఆలోచించలేదు. నడుముకున్న కత్తి తీసి జడను మెడదాకా కోసి వాడి చేతిలో పెట్టింది. ఒనోఫ్రే గొట్టం పక్కనున్న మైనాన్ని గోటితో తొలిచి, ఆ జడను బెజ్జంలోకి కుక్కాడు... లిందాల్వా జుట్టు మీదే కుక్కాడు! వికటాట్టహాసం చేశాడు!

"పిచ్చిదానా! ఒకటి తీసి ఒకటి పెట్టడానికి నేనేమన్నా దర్జీనా?"

జసీరా గుండెల్లోంచి ఏదో తెగి జారింది. నోట్లోకి చేదుగా, ఘాటుగా, పరిమళంగా తైలం ఊరింది! గొట్టం ధార రెట్టింపు అయింది. పుర్రెలో వెలితి ఒక వేలికి తగ్గింది. అరవబోతే గొంతులో తైలం గుడగుడలాడింది. చెల్లెలు పోతోంది, తనూ పోతోంది... ఇక అడ్డుపడే దిక్కు ఈ భూమ్మీద లేదు! ఆమె వెల్లకిలా పడిపోయింది.

పడ్డాక, రెప్పల మధ్య నుంచి మాను పై కొమ్మలు కనబడ్డాయి. అలవాటుకొద్దీ కళ్లు మూసుకోబోయింది. తైలం తీసేటప్పుడు మాను తలను చూడకూడదు. చూస్తే మానుకు కోపమొచ్చి తైలాన్నంతా కొమ్మల్లోకి లాగేసుకుంటుంది. చిన్నప్పుడు తను తల ఎత్తబోయినప్పుడల్లా తండ్రి గడ్డం పట్టి కిందికి వంచేవాడు. ఒనోఫ్రే టోపీ కళ్లమీదికి లాక్కున్నది కూడా అందుకే... వాడికీ ఆ భయం ఉంది!

జసీరా కళ్లు తెరిచింది. రెప్ప వేయకుండా, నిండుగా, కొమ్మ కొమ్మనూ చూసింది.

"అమ్మా..." అంది తైలం నిండిన గొంతుతో. "నీ గాయం తెరిచి వదిలేసి పోయాను. నన్ను క్షమించొద్దు. నీలోంచి వాడు తీస్తున్నది నువ్వే తీసేసుకో... వాడికి మాత్రం ఇవ్వకు!"

గొట్టం ధార సన్నబడింది. చుక్కలైంది... ఆగిపోయింది!

"ఏం చేశావే!" ఒనోఫ్రే లేచాడు. పుర్రెకింకా వేలెడు వెలితి! సూర్యుడు నడినెత్తి దాటితే ఏడు రోజుల పూజా బూడిదపాలు! చుట్ట విసిరికొట్టి, గొట్టం పీకేసి, బెజ్జానికి నోరు ఆనించి పీల్చాడు.

అప్పుడు మాను గర్జించింది!

వేళ్లనుంచి కొమ్మలదాకా, పాతాళంనుంచి ఆకాశందాకా ఒక హుంకారం పాకింది. కడుపు నిండిన మాను అరుస్తుందని తాతలు చెప్పిన ఆ అరుపు జసీరా ఆనాడు చెవులారా విన్నది. వాగు వెనక్కి నడిచింది! కోతులు మొర్రోమన్నాయి! బెజ్జంలోంచి రెండు పాయల జుట్టును మానే వాడి పెదవుల పక్కనుంచి తడితడిగా నేలమీదికి కక్కింది; జసీరా గొంతులో తైలం ఊరడం ఆగింది. ఆ తర్వాత మాను పీల్చడం మొదలుపెట్టింది. ఒనోఫ్రే నోరు బెజ్జం నుంచి ఊడి రాలేదు. చేతులు బెరడుమీద టపటపా కొట్టుకున్నాయి, గోళ్లు ఊడాయి. వాడు రెండేళ్లుగా దోచుకున్నదంతా, వాడి నెత్తురుతో సహా, ఆ వేలెడు రంధ్రంలోంచి పైపైకి పోయింది! బుగ్గలు లోపలికి పోయాయి, కళ్లు గుంటల్లోకి దిగాయి, ఒళ్లు ముడుచుకుని ముడుచుకుని కట్టెముక్కంత అయింది. ఎన్ని గాయాలనో మాన్పే తైలాన్నిచ్చిన ఆ మాను చివరికి తన గాయాన్ని తనే మాన్పుకుంది. బెరడు వాడి చుట్టూ మూసుకుంది. ఆ బెజ్జానికి ఒనోఫ్రేనే బిరడా!

పుర్రె పగిలింది. అందులోని తైలం చిందకుండా జసీరా దోసిలి పట్టింది. నడుముకు కట్టుకున్న సీసాలోకి వంపుకుని, పడవవైపు పాకింది.

ఆమె ఇల్లు చేరేసరికి లిందాల్వా కదలడం లేదు. ఫిలో అవ్వ అప్పటికే దుప్పటి చేతిలో పట్టుకుని ఉంది.

"ఆగవ్వా!"

ఆ ఒడ్డున పుట్టిన ప్రతి బిడ్డకూ బొడ్డుమీద పడే మొదటి చుక్క కొపైబానే. జసీరా వేలితో చెల్లెలి బొడ్డుమీద ఒక చుక్క అద్దింది. ఇంకోటి అద్దింది. సీసా సగమైంది, అడుగంటింది. చివరి చుక్కకు లిందాల్వా పొట్ట పైకి లేచింది... దిగింది... మళ్లీ లేచింది!

జసీరా వెక్కి వెక్కి ఏడ్చింది. చాలాసేపటికి చెల్లెలి కళ్లు తెరుచుకున్నాయి.

"నా వల్లేనే," అంది జసీరా. "ఆ రోజు బిరడా కొట్టలేదు. నిన్ను నేనే చంపబోయాను."

లిందాల్వా పెదవులు తడుపుకుంది. ఈసారి గొంతు తనదే.

"నాకు తెలుసక్కా. బెజ్జం తెరిచే ఉండటం నేనూ చూశాను." అక్క కోసేసిన జుట్టు తడిమింది. "చెప్తే మళ్లీ వానలో వెనక్కి నడిపిస్తావని ఊరుకున్నాను."

జసీరా ఉయ్యాలలోకి ఎక్కి, చెల్లెల్ని పక్కకు జరిపి, ఆమె మెడమీద మొహం పెట్టుకుని పడుకుంది.