ఉప్పు కొటారు కాడ ఆగిన పికప్పు

జువ్వలదిన్నె నుంచి కావలికి వచ్చే మట్టిరోడ్డులో, ఐదో మైలు దగ్గర, పాడుబడిన ఉప్పు కొటారు, అంటే ఉప్పు నిలవచేసే గిడ్డంగి, ఒకటి ఉండేది. కప్పు ఎప్పుడో గాలివానకు ఎగిరిపోయింది. గోడలు మిగిలాయి, వాటితోపాటు చెడ్డపేరు మిగిలింది.

దొరల కాలంలో అక్కడ ఉప్పుకు కాపలా ఉన్న మనిషి చచ్చి దెయ్యమయ్యాడట. పీక నొక్కడు, రక్తం తాగడు... నాకుతాడట! దారిన పోయేవాడు దొంగతనంగా ఉప్పేమన్నా ఎత్తుకుపోతున్నాడేమో అని, ఒళ్ళు నాకి రుచి చూస్తాడట. ఆ తర్వాత మూడు రోజులు జ్వరం.

అక్కడి దోమల్ని చూసినవాడికి ఆ జ్వరం వింతగా తోచదు. అయినా రాత్రిపూట ఆ దోవన ఒంటరిగా నడవమంటే నేనూ నడవను, ముందే చెబుతున్నాను.

ఇది అరవై మూడులో జరిగింది. నాకు చెప్పింది ఎవరో కాదు, నాకించుకున్న మనిషే — పికప్పు ఓబయ్య.

ఓబయ్య కాపురం కావలిలో. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత పికప్పు మీద చేపల గంపలు తోలేవాడు. ఆ బండి దారిలో ఆగని రోజు లేదు. రాత్రంతా రోడ్డు పక్కన ఓబయ్య, ఇంట్లో గుడ్డిదీపం ముందు పెళ్ళాం కామమ్మ. చూసి చూసి విసిగిపోయి ఆమె జువ్వలదిన్నెలో పుట్టింటికి వెళ్ళిపోయింది. నెల గడిచింది. ఆ నెల రోజులూ తాను కాచుకున్న చారు ఎలా ఉండేదో ఓబయ్య నాకు వివరంగా చెప్పాడు గానీ, రాస్తే మీకు అన్నం సహించదు.

చివరికి ఒకనాడు ఆమెను తీసుకురావడానికి వెళ్ళాడు. ఖర్మ చూడండి — సరిగ్గా అత్తగారింటి ముందు ఇసుకలో, బరువు మోసే వెనక కమాను కట్ట సెంటర్ బోల్టు 'ఠప్'మని తెగింది. కట్టలో ఆకులనే ఇనప పట్టీలన్నీ తలోదిక్కు జరిగిపోయి, బండి ఒక పక్కకు ఒరిగింది. కామమ్మ గడపలో నిలబడి చూసింది. నవ్వలేదు. నవ్వినా బాగుండేదన్నాడు ఓబయ్య.

బోగోలు నుంచి హజరత్తయ్య మేస్త్రిని పిలిపించారు. జాకీ ఎత్తి, కట్ట ఊడదీశాడు. పెద్ద ఆకు పైన, దాని కింద వరసగా చిన్నవి పెట్టి కొత్త బోల్టు గుచ్చాలన్నాడు. "ఆకుల మధ్య గ్రీసు పుయ్యి, ఈలోపల అన్నం తినొస్తా" అని వెళ్ళాడు. డబ్బా చూస్తే గ్రీసు లేదు.

అత్త గురవమ్మ లోపల నుంచి కుండ తెచ్చి పెట్టింది. పడవలకు పూసే సొరచేప నూనె.

"పడవకు పనికొచ్చేది నీ బండికి పనికిరాదా, అబ్బోడా?"

నిజమే కదా అనిపించింది ఓబయ్యకు. ప్రతి ఆకుకూ రెండు వైపులా దట్టంగా పూశాడు. మోచేతుల దాకా, పాదాల మీద కూడా అయింది. ఆ వాసన అక్కడ ఎవరికీ వాసనగానే తోచలేదు. పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్నదే!

మేస్త్రి వచ్చి బోల్టు గుచ్చి, కట్టను యాక్సిల్‌కు కూర్చోబెట్టి, యూ బోల్టులు తగిలించి, బండి కిందికి దింపి బరువు పడ్డాక గట్టిగా బిగించాడు. పోతూ పోతూ ఓబయ్యను పక్కకు పిలిచాడు.

"ఐదు మైళ్ళు పోయేతలికి ఆకులు సర్దుకుంటాయి, నట్లు వదులవుతాయి. దిగి ఇంకోసారి బిగించాల. మరిచినావా, కొత్త బోల్టు కూడా తెగి యాక్సిల్ వెనక్కి పోతాది."

ఓబయ్య తలూపాడు. ఆ మాట పెళ్ళానికి మాత్రం చెప్పలేదు. ఎలా చెబుతాడు? మూట చంకన పెట్టుకుని బండెక్కుతూ ఆమె అప్పటికే అనేసింది.

"దారిలో ఒక్క చోట నిలబడిందా, దిగి మా అమ్మింటికి పోతా. ఇంక నన్ను పిలవమాక."

బయల్దేరేసరికి పొద్దుగూకింది. అమావాస్య రోజులు. బండికి ఒకటే లైటు. ఒక మైలు... రెండు... నాలుగు... ఓబయ్య ఊపిరి బిగబట్టుకుని తోలుతున్నాడు.

టక్...

"ఏంది మావా ఆ సప్పుడు?"

"గాలిలే."

టక్... టక్...

ఆగితే పెళ్ళాం పోతుంది. ఆగకపోతే యాక్సిల్ పోతుంది, దాంతో బండీ పోతుంది, ఆ వెనకే పెళ్ళామూ పోతుంది. ఓబయ్య బ్రేకు తొక్కాడు. పక్కకు చూస్తే... ఉప్పు కొటారు.

కామమ్మ అన్నంత పనీ చేసింది. మూట తీసుకుని దిగి, వచ్చిన దోవనే వెనక్కి నడిచింది. తెల్లవారుజామున చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒంటరిగా ఊళ్ళు తిరిగిన మనిషి, దెయ్యమంటే ఆమెకు లెక్కలేదు.

"ఐదు నిమిషాలే... మేస్త్రి చెప్పినాడు..." అని ఓబయ్య వెనక నుంచి అరిచాడు.

గాజుల చప్పుడు చీకట్లో దూరమైపోయింది. ఓబయ్యకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లాంతరు వెలిగించి, స్పానర్ పట్టుకుని బండి కిందికి దూరాడు. కాళ్ళు మాత్రం బయట.

ఒక నట్టు బిగించాడు. రెండోది. గాలి పడిపోయింది... రోడ్డు పక్క సరుగుడు తోటలో రెమ్మ కదలడం లేదు.

చప్...

చెయ్యి ఆగింది.

చప్... చప్...

అవతలి చక్రం దగ్గర... ఎవరో ఏదో నాకుతున్నారు. తీరిగ్గా. రుచి చూస్తూ.

లాంతరు అటు జరపబోయాడు. చెయ్యి తగిలి అది కాస్తా పడి ఆరిపోయింది.

"అన్నా..." అన్నాడు గుసగుసగా. "నా కాడ ఉప్పు లేదన్నా... నమ్ము..."

చప్పుడు ఆగింది. ఇసుకలో మెత్తటి అడుగులు... చక్రం చుట్టి వస్తున్నాయి... కాళ్ళ దగ్గర ఆగాయి. కాళ్ళు లోపలికి లాక్కుందామంటే కదలవే!

తడిగా, వెచ్చగా ఒక నాలుక... కుడి అరికాలు మీద... మడమ నుంచి వేళ్ళ దాకా —

ఓబయ్య ఒక్క కేక పెట్టాడు. బోగోలులో కూడా వినబడి ఉంటుందని అతని అంచనా. తల యాక్సిల్‌కు ఠంగున కొట్టుకుని కళ్ళు బైర్లు కమ్మాయి.

తర్వాత ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు. గాజులు. "థూ! పోండి! పోండి!" అన్న అరుపు. అగ్గిపుల్ల వెలిగింది.

ఆ వెలుగులో మూడు నక్కలు తోక ముడుచుకుని సరుగుడు తోటలోకి దూకాయి. నాలుగోది మాత్రం కమాను కట్టకు మూతి ఆనించి సొరనూనె నాకుతూనే ఉంది. కామమ్మ మూట విసిరితే గానీ పోలేదు.

ఆమె లాంతరు వెలిగించి పట్టుకుని నిలబడింది. అతను మిగిలిన నట్లన్నీ బిగించాడు. ఓబయ్యకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. పని అయ్యాక ఆమె మూట దులుపుకుని, వచ్చి బండిలోనే కూర్చుంది.

"పోతానంటివే..." అన్నాడు మెల్లిగా. "మళ్ళీ ఎందుకొచ్చినావు?"

కామమ్మ మూట ఒళ్ళో సర్దుకుంది.

"దెయ్యం పట్టుకుంటే ఎవుడైనా ఆంజనేయా అని అరుస్తాడు, లేదంటే అమ్మా అంటాడు" అంది. "నువ్వు కామమ్మా అంటివి."

తాను ఏమని అరిచాడో ఓబయ్యకు అప్పటిదాకా తెలియదు.

"చూస్తావేంది మావా... బండి తియ్."